క్లబ్బులో డాన్స్ చేసేవాళ్ళే క్లబ్బుకి ఎదురు డబ్బులు కడతారు: హౌస్ ఫీ, షిఫ్టుల సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

లెక్కలక్క | శనివారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. నేను వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్‌లో ఉంటాను. కొలంబియా నది మీద వంతెన దాటితే అవతల పోర్ట్‌లండ్, అంటే ఒరెగన్ రాష్ట్రం. పదకొండేళ్ళుగా టాక్స్ రిటర్నులు వేసే పనిలో ఉన్నాను. పెట్రోలు బంకులు, థాయ్ హోటళ్ళు, ట్రక్కు డ్రైవర్లు, అందరి లెక్కలూ చూశాను. ఈ ఫిబ్రవరిలో వచ్చిన లెక్క మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు.

ఒకమ్మాయి వచ్చింది. పోర్ట్‌లండ్‌లో స్ట్రిప్ క్లబ్బులో డాన్సర్. ఆమె సరేనన్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు ఏమీ పెట్టడం లేదు. చేతిలో స్పైరల్ నోట్‌బుక్ ఒకటి. రోజుకో వరస, చక్కని దస్తూరి. ఒక మంగళవారం వరస ఇలా ఉంది:

వచ్చింది 140. హౌస్ ఫీ 60. డీజేకి 15. బౌన్సర్‌కి 10. డ్రెస్సింగ్ రూమ్ చూసుకునే ఆవిడకి 10. ఆలస్యానికి 20. మిగిలింది 25. గంటలు 6.

ఆరు గంటలు నిలబడి ఇంటికి తీసుకెళ్ళింది 25 డాలర్లు. అందులోంచే పెట్రోలు, పార్కింగు. ఇంకో రోజు వచ్చిందే 45, కట్టాల్సింది 95. ఆ వరస చివర ఎర్ర ఇంకుతో "బాకీ 50" అని రాసుకుంది. పనికి వెళ్ళి అప్పుతో తిరిగొచ్చిన రోజన్నమాట.

తెలియనివాళ్ళ కోసం: అమెరికాలో చాలా క్లబ్బులు డాన్సర్లకి జీతం ఇవ్వవు. డాన్సరే ఆ రాత్రి లోపలికి వచ్చినందుకు క్లబ్బుకి కట్టాలి. దాన్నే హౌస్ ఫీ అంటారు, కొన్నిచోట్ల స్టేజ్ ఫీ, స్టేజ్ రెంటు అనీ అంటారు. ఆమె సంపాదనంతా కస్టమర్లు ఇచ్చేదే. క్లబ్బు దృష్టిలో ఆమె "సొంత వ్యాపారి", అందుకని సంవత్సరం చివర డబ్ల్యూ-2 (ఉద్యోగికి ఇచ్చే జీతం కాగితం) ఇవ్వదు. కొన్ని 1099 (ఉద్యోగి కానివాళ్ళకి ఇచ్చే ఆదాయం కాగితం) ఇస్తాయి, కొన్ని అదీ ఇవ్వవు.

సొంత వ్యాపారి అయితే టాక్స్ రిటర్నులో షెడ్యూల్ సి, అంటే వ్యాపారం ఆదాయం, ఖర్చుల ఫారం వేయాలి, మిగిలినదాని మీద 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్సు కట్టాలి. అది నాకు తెలిసిన పనే. నాకు అడ్డం పడింది ఆ 20 డాలర్ల దగ్గర. సొంత వ్యాపారికి ఆలస్యానికి జరిమానా ఏమిటి? ఏ రోజు రావాలో, ఎన్నింటికి రావాలో మేనేజరు చెబుతుంటే అది ఎవరి వ్యాపారం?

ఈ పద్ధతి లోపలినుంచి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. నేను వేసే ఫారం ఆమె బతుకుని బట్టి ఉండాలి, క్లబ్బు చెప్పిన మాటని బట్టి కాదు.

వానచినుకు | శనివారం, ఉదయం 10:40

అక్కా, నేను సియాటిల్‌లో ఉంటాను. ఆ అమ్మాయి నదికి మన వైపున పనిచేసి ఉంటే లెక్క మారేది. 2024 మార్చి 25న గవర్నర్ జే ఇన్‌స్లీ ఎస్‌బి 6105 మీద సంతకం పెట్టాడు. స్ట్రిప్పర్ల హక్కుల బిల్లు అని అందరూ పిలిచింది దాన్నే. దాని ప్రకారం ఎనిమిది గంటల వ్యవధికి క్లబ్బు తీసుకునే ఫీజు 150 డాలర్లు, లేదా ఆమెకి వచ్చినదాంట్లో 30 శాతం, ఏది తక్కువైతే అంతకు మించకూడదు. అనుకున్న వేళకి రాకపోతే ఫీజు వేయకూడదు. కట్టలేని బాకీని తర్వాతి రోజుకి మోయించకూడదు.

మీ మంగళవారం వరసకి పెట్టి చూశాను. 140లో 30 శాతం 42. 60 బదులు 42 కట్టేది. ఆలస్యపు 20 ఉండేదే కాదు. 25 బదులు 63 మిగిలేవి. ఎర్ర ఇంకు రోజున హౌస్ ఫీ 13.50 దాటేది కాదు, క్లబ్బుకి బాకీ అన్న మాటే రాసే పని ఉండేది కాదు.

స్ట్రిప్పర్స్ ఆర్ వర్కర్స్ అనే డాన్సర్ల సంఘం దీనికోసం ఏళ్ళతరబడి తిరిగింది. 2019లో ముందు పానిక్ బటన్లు (ఆపదలో నొక్కేవి), శిక్షణ తెచ్చుకున్నారు. ఫీజుల సంగతి తేలడానికి ఇంకో ఐదేళ్ళు పట్టింది. ఒక కారణం చెప్పాలి. అప్పటిదాకా వాషింగ్టన్‌లో ఈ క్లబ్బులకి మద్యం అమ్మే వీల్లేదు. బార్ ఆదాయం లేని క్లబ్బు ఎవరి మీద బతుకుతుంది? డాన్సర్ల మీదే. అందుకే ఆ చట్టంలో మద్యానికి దారి తెరవడం, ఫీజుకి గీత గీయడం రెండూ కలిసే వచ్చాయి.

పెద్దాయన_గుంటూరు | శనివారం, మధ్యాహ్నం 12:05

అమ్మా, మీ మంచితనం అర్థమైంది. కానీ మన పిల్లలూ చదివే చోట ఈ విషయం అవసరమా అని నా మనసు పీకుతోంది. కోపంతో కాదు, బాధతో అంటున్నాను.

వేదిక నిర్వాహకులు | శనివారం, మధ్యాహ్నం 12:31

పెద్దాయన గారూ, మీ మాట గౌరవిస్తాం. ఇక్కడ చర్చ కూలి గురించి, పని గంటల గురించి, చట్టం గురించి. ఆ హద్దులో ఉన్నంతవరకు ఉంచుతాం. క్లబ్బుల్లో ఏం జరుగుతుందో వర్ణిస్తూ ఎవరు రాసినా తీసేస్తాం.

గోదారిగట్టు | శనివారం, మధ్యాహ్నం 1:18

పెద్దాయన గారికి ఒక మాటండి. మా వైపు తీర్థాలకీ, సంక్రాంతికీ రికార్డింగ్ డాన్సు పార్టీలు వచ్చేవి. నేను పదో తరగతిలో ఉండగా మా పెదనాన్న స్టేజీకి మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. పార్టీ ఓనరు ఊరి కమిటీ దగ్గర మొత్తం మాట్లాడుకుని, అమ్మాయిలకి రాత్రికి ఇంత అని ఇచ్చేవాడు. పోలీసులొచ్చి ఆపించేస్తే ఆ రాత్రి కూలి లేదు, వ్యాన్ ఖర్చు మాత్రం వాళ్ళ లెక్కలోనే రాసేవాడు. తెల్లారి మా అరుగు మీద కూర్చుని టీ తాగుతూ ఒకావిడ వేళ్ళ మీద లెక్కేసుకుంటుంటే చూశాను. ఎంత లెక్కేసినా సరిపోవడం లేదు పాపం. నాకు డాన్సు గుర్తు లేదండి, ఆ వేళ్ళు గుర్తున్నాయి. లెక్కలక్క గారు మంచి పని చేశారు.

వెన్నెల_వాకిలి | శనివారం, రాత్రి 11:47

రెండు గంటలు ఆలోచించి రాస్తున్నాను. నేను ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగమ్మాయిని. తెలుగు రాయడం అమ్మమ్మ నేర్పింది. కాలేజీ ఫీజుల కోసం మూడేళ్ళు డాన్స్ చేశాను. ఏ ఊరో, ఏ క్లబ్బో చెప్పను. ఇప్పుడు నర్సుని. ఇంట్లో ఇప్పటికీ తెలియదు.

లెక్కలక్కా, మీరు అడిగిన షెడ్యూల్ సంగతి మా దగ్గర ఇలా ఉండేది.

ఆదివారం రాత్రికల్లా, వచ్చే వారం ఏ రోజులు వస్తామో మేనేజరుకి మెసేజ్ పెట్టాలి. వారానికి నాలుగు షిఫ్టులు తప్పనిసరి. శుక్రవారం, శనివారం కావాలంటే సోమ, మంగళ, బుధవారాల్లో రెండు తీసుకోవాల్సిందే. డబ్బు వచ్చేది వారాంతంలోనే. ఆ ఖాళీ మంగళవారం, శనివారానికి మేము కట్టే కప్పం లాంటిది. మీ నోట్‌బుక్‌లో మంగళవారం ఎందుకు అలా ఉందో నాకు చదవగానే తెలిసిపోయింది.

హౌస్ ఫీ గంట గంటకీ ఎక్కుతుంది. సాయంత్రం 5 లోపు వస్తే 20, 7 లోపు 40, 9 దాటితే 80, శుక్ర శనివారాల్లో 10 దాటితే 120. ఎందుకంటే ఖాళీగా ఉన్న క్లబ్బులో కస్టమరు కూర్చోడు. ఐదింటికే వచ్చినవాళ్ళం క్లబ్బు నిండుగా కనబడడానికి పనికొస్తాం. ఆ నాలుగు గంటలూ మాకు పైసా రాదు. తక్కువ ఫీజు అనేది రాయితీ కాదు, ఆ గంటల కూలిని మాకు ఇవ్వకుండా ఉంచుకోవడం. ఇది నాకు రెండో ఏడు గానీ అర్థం కాలేదు.

ఇంకోటి. ఒక శనివారం మేము 44 మందిమి. స్టేజీ ఒక్కటే. ఒక్కొక్కరికి రెండు పాటలు, అంటే దాదాపు ఆరు నిమిషాలు. మళ్ళీ వంతు రావడానికి నాలుగు గంటలు దాటింది. అంతమందిని ఎందుకు రానిచ్చారు? హోటల్లో పది బల్లలుంటే నలభై మంది సర్వర్లని పెట్టరు కదా, అందరికీ జీతం ఇవ్వాలి కాబట్టి. ఇక్కడ మనిషి ఎక్కువైన కొద్దీ క్లబ్బుకి లాభమే. సగటున 80 వేసుకున్నా 44 మందికి 3,520 డాలర్లు, కస్టమరు ఎవరూ గ్లాసు పట్టుకోకముందే. ఉన్న కస్టమర్లనే 44 మందిమి పంచుకోవాలి. నష్టం ఎప్పుడూ మా వైపే.

వెళ్ళేటప్పుడు చెక్ అవుట్. డీజేకి, బౌన్సర్‌కి, బార్‌లో వాళ్ళకి, డ్రెస్సింగ్ రూమ్ ఆవిడకి ఇచ్చాకే మేనేజరు సరేనంటాడు. దీన్ని టిప్ అవుట్ అంటారు. ఇష్టమైతేనే ఇవ్వండి అని గోడమీద రాసి ఉంటుంది. ఇవ్వకపోతే డీజే మీ పేరు లిస్టులో కిందకి జారుస్తాడు. వాళ్ళని నేను తప్పు పట్టను, వాళ్ళ జీతం కూడా క్లబ్బు మా చేతే ఇప్పిస్తోంది. కార్డుతో కట్టే కస్టమరుకి క్లబ్బు సొంత నోట్లు ఇస్తుంది, డాన్స్ డాలర్లంటారు. ఆ నోట్లు మేము మార్చుకోవాలంటే మా దగ్గర పదిశాతం కోత. కస్టమరు దగ్గర అప్పటికే కొంత తీసుకుని ఉంటారు.

షిఫ్టు ఇచ్చే చెయ్యే శిక్షించే చెయ్యి కూడా. బౌన్సర్ మీద ఫిర్యాదు చేసిన ఒకమ్మాయికి తర్వాత నెలంతా మంగళవారం మధ్యాహ్నాలే మిగిలాయి. నన్నొకసారి తలుపు దగ్గరే ఆపేశారు. "నీలాంటివాళ్ళు ఈ రాత్రికి ఇద్దరు ఉన్నారు, చాలు" అన్నారు. నా రంగు గురించి. నలభై మైళ్ళు నడుపుకుంటూ వచ్చాను. ఆ రాత్రి కార్లో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. దానికి నోట్‌బుక్‌లో వరస ఉండదు.

లెక్కలక్క | ఆదివారం, ఉదయం 7:02

తల్లీ, పొద్దున్నే లేచి చదివాను. రెండుసార్లు చదివాను. నువ్వు రాసినందుకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

చట్టం_చదువరి | ఆదివారం, ఉదయం 10:25

న్యూజెర్సీలో ఉద్యోగుల వైపు కేసులు చూసే లాయరు దగ్గర పారాలీగల్‌గా పనిచేస్తున్నాను. నేను లాయర్ని కాదు, ఇది సలహా కాదు. కోర్టుల్లో నమోదైనవి మాత్రమే రాస్తాను.

ఫెడరల్ కూలి చట్టం కింద కోర్టులు ఒప్పందం కాగితం మీద ఏమని రాసుందో చూసి ఆగిపోవు. ఆర్థిక వాస్తవం ఏమిటని చూస్తాయి. ఎవరి అదుపులో పని జరుగుతోంది, పెట్టుబడి ఎవరిది, లాభనష్టాలు నిర్ణయించేది ఎవరు, ఆ పనికి ప్రత్యేక నైపుణ్యం కావాలా, సంబంధం ఎన్నాళ్ళది, ఆ పని లేకుండా వ్యాపారం నడుస్తుందా. చివరిది గమనించండి. డాన్సర్లు లేని స్ట్రిప్ క్లబ్బు ఉంటుందా?

1993లోనే ఫిఫ్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు టెక్సాస్ క్లబ్బుల కేసులో డాన్సర్లు ఉద్యోగులేనంది. న్యూయార్క్‌లో రిక్స్ క్యాబరే కేసు ఇంకా ముఖ్యం. 2013లో ఫెడరల్ జడ్జి వాళ్ళు ఉద్యోగులని తేల్చాడు. షిఫ్టుల నియమాలు, జరిమానాలు, ప్రవర్తన గురించి రాసిన నిబంధనలు అన్నీ క్లబ్బుకే ఎదురు తిరిగాయి. అక్కడ క్లబ్బు ఒక వాదన చేసింది. కస్టమరు ఒక్కో డాన్సుకి ఇచ్చే 20 డాలర్లే వాళ్ళ జీతం కింద లెక్కేసుకోవాలని. కోర్టు ఒప్పుకోలేదు. ఆ డబ్బు క్లబ్బు తన ఆదాయంగా లెక్కల్లో చూపించనే లేదు, ఇప్పుడు అది నేనిచ్చిన జీతం అంటే ఎలా? 2014లో కోటి డాలర్లకి పైగా తీర్పు వచ్చింది. 2015లో కోటీ 50 లక్షలకి రాజీ కుదిరింది.

2019లో ఫిలడెల్ఫియా క్లబ్బు కేసులో థర్డ్ సర్క్యూట్ అప్పీలు కోర్టు కూడా ఇదే దారిలో డాన్సర్లకి వచ్చిన 45 లక్షల డాలర్ల పైచిలుకు తీర్పుని నిలబెట్టింది.

లెక్కలక్క గారి ప్రశ్నకి దగ్గరగా వచ్చేది మాత్రం లాస్ వేగస్ సఫైర్ కేసు. అక్కడ క్లబ్బు, "మేము షెడ్యూలే వేయం, ఇష్టమొచ్చినప్పుడు రావచ్చు, ఇష్టమొచ్చినప్పుడు మానచ్చు" అంది. నిజమే. కానీ వస్తే ఆరు గంటలు ఉండాలి. స్టేజీ ఎక్కనంటే ఫీజు కట్టాలి. 2014 అక్టోబర్‌లో నెవాడా సుప్రీంకోర్టు, డబ్బు కట్టి కొనుక్కోవాల్సిన స్వేచ్ఛ అసలు స్వేచ్ఛ కాదన్న అర్థంలో చెప్పి, వాళ్ళు ఉద్యోగులేనని తీర్పిచ్చింది.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. 2015లో నెవాడా శాసనసభ చట్టం మార్చి, కొన్ని షరతులు తీరితే చాలు స్వతంత్ర కాంట్రాక్టరేనని తిరుగులేకుండా అనుకోవాలంది. రాష్ట్ర బిజినెస్ లైసెన్సు కూడా ఆ లెక్కలోకి వస్తుంది. తీర్పు వచ్చి ఏడాది తిరగలేదు. ఏ రాష్ట్రంలో ఉన్నామన్నదే చాలావరకు బతుకు తేలుస్తుంది.

దారిలో_దస్తగిరి | ఆదివారం, మధ్యాహ్నం 12:50

నాది వేరే అభిప్రాయం అన్నా. నేను డాలస్‌లో యాప్ మీద కారు నడుపుతాను. ఉద్యోగం అంటే షిఫ్టు, బాసు, సెలవుకి బతిమాలుకోవడం. నా కూతురికి జ్వరమొస్తే యాప్ ఆపేసి ఇంటికెళ్ళిపోతా, ఎవర్నీ అడగను. డాన్సర్లలో కూడా చాలామంది ఇదే కోరుకుంటారని విన్నాను. రోజూ చేతికి నగదు, పేరు ఎక్కడా నమోదు కాదు, నచ్చకపోతే ఇంకో ఊరు. కోర్టు వాళ్ళని ఉద్యోగులుగా చేసేస్తే ఇదంతా పోతుంది కదా?

వెన్నెల_వాకిలి | ఆదివారం, మధ్యాహ్నం 3:33

దస్తగిరి అన్నా, మీరు చెప్పింది అబద్ధం కాదు. నాతో పనిచేసినవాళ్ళలో సగం మంది మీలాగే అనేవాళ్ళు. ఒకామెకి కస్టడీ కేసు ఉండేది, డబ్ల్యూ-2 మీద ఆ క్లబ్బు పేరు ఉంటే పిల్లాణ్ణి ఇవ్వరని భయం. ఆ భయం నిజం.

కాలిఫోర్నియాలో జరిగింది చూడండి. 2018లో అక్కడి సుప్రీంకోర్టు డైనమెక్స్ కేసులో, పనిచేసేవాళ్ళని కాంట్రాక్టర్లని ఊరికే అనడానికి లేదంది. ఆ తీర్పు తర్వాత, దాన్నే చట్టం చేస్తూ 2020 జనవరి నుంచి వచ్చిన ఏబీ 5తో చాలా క్లబ్బులు డాన్సర్లని ఉద్యోగులుగా మార్చాయి. గంటకి కనీస కూలి ఇచ్చి, ప్రతి డాన్సులో వాటా బాగా పెంచేశాయి. ఇంటికి తీసుకెళ్ళేది తగ్గిందని ఎంతోమంది మొరపెట్టుకున్నారు. పోయిన హౌస్ ఫీ వాటా రూపంలో తిరిగొచ్చింది. ఉద్యోగి అన్న పేరొక్కటే చాలదు. వాటా ఎంతో, షిఫ్టులు ఎలా పంచుతారో కూడా కాగితం మీద ఉండాలి.

కానీ మీకూ నాకూ ఒక తేడా ఉంది అన్నా. మీ కూతురికి జ్వరమొస్తే మీరు యాప్ ఆపేస్తారు. నేను వెళ్ళాలంటే ముందు మిగతా షిఫ్టు హౌస్ ఫీ కట్టాలి, ఆపైన త్వరగా వెళ్ళినందుకు ఇంకో 50. మా అమ్మ ఆసుపత్రిలో ఉందని ఫోన్ వచ్చిన రాత్రి నా దగ్గర 30 ఉన్నాయి. ఇంకో అమ్మాయి ఇచ్చింది మిగతాది.

దారిలో_దస్తగిరి | ఆదివారం, మధ్యాహ్నం 3:51

అది స్వేచ్ఛ కాదమ్మా. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఉప్పల్_శీను | ఆదివారం, సాయంత్రం 5:15

మా నాయిన ఇరవై ఏండ్లు కిరాయి ఆటో నడిపిండు. పొద్దుగాల ఓనర్‌కి రోజు కిరాయి ఒప్పుకుని బండి తీసుకునుడు, రాత్రి కిరాయి, గ్యాస్ పోంగ మిగిలింది ఇంటికి. బంద్ ఉన్న రోజు, వాన పడ్డ రోజు కిరాయి మాత్రం తప్పది. ఇది చదువుతుంటే మా ఇంటి ముచ్చటే అనిపించింది. కాకపోతే మా నాయిన చేతిల ఒక బండి ఉండె. ఎటు పోవాల్నో ఆయన ఇష్టం. చౌరస్తాల సవారి దొరకకపోతే స్టేషన్‌కి పోయెటోడు. ఈ అక్కలకి కిరాయి కట్టినా కదిలే జాగ లేదు.

పూసలదండ | ఆదివారం, సాయంత్రం 6:40

నేను అట్లాంటాలో ఐబ్రో త్రెడింగ్ చేస్తాను. ఒక సెలూన్లో కుర్చీ అద్దెకి తీసుకున్నాను, వారానికి ఇంత అని. క్లబ్బులు కూడా ఇదే పోలిక చెబుతాయట, "సెలూన్లో కుర్చీ అద్దె లాంటిదే" అని. నా కుర్చీ గురించి చెబుతాను, మీరే పోల్చుకోండి. సెలూన్ తాళంచెవి నా దగ్గర ఉంది. రేటు నేనే పెట్టాను. నా కస్టమర్ల ఫోన్ నంబర్లు నా దగ్గరే ఉన్నాయి, వాళ్ళు వేళ అడిగేది నన్నే. దసరాకి నాలుగు రోజులు మూసేస్తే ఓనరు ఏమీ అనదు. అద్దె ఏడాది కాగితం మీద ఉంది, మధ్యలో పెరగదు. అంతకంటే ముఖ్యం, నా కుర్చీని ఆమె ఇంకో ముగ్గురికి అద్దెకివ్వలేదు.

వెన్నెల రాసిన 44 మంది మాట దగ్గర నేను ఆగిపోయాను. ఒకే కుర్చీని 44 మందికి అద్దెకిచ్చినట్టు కదా అది.

వానచినుకు | ఆదివారం, సాయంత్రం 7:22

పూసలదండ గారూ, "మధ్యలో పెరగదు" అన్నారే, వాషింగ్టన్ చట్టంలో ఆ ముక్క కూడా ఉంది. ఫీజు ఎంతో రాతపూర్వక ఒప్పందంలో ఉండాలి, కనీసం మూడు నెలలు అదే నడవాలి. ఇప్పుడు 40, సాయంత్రం క్రికెట్‌లాంటి పెద్ద ఆట ఏదో ఊళ్ళో ఉంది కాబట్టి 200 అనడానికి లేదు.

పెద్దాయన_గుంటూరు | ఆదివారం, రాత్రి 8:10

అంతా చదివాను. నిన్నటి మాటకి మన్నించండి. వెన్నెలమ్మా, నువ్వు నా మనవరాలి వయసుదానివి అయి ఉంటావు. ఒక సందేహం తల్లీ. వాళ్ళకి యూనియన్లు ఉండవా? మేము పొగాకు కంపెనీలో ఉన్నప్పుడు గ్రేడింగ్ ఆడవాళ్ళు కూడా సంఘం పెట్టుకున్నారు.

చట్టం_చదువరి | ఆదివారం, రాత్రి 8:55

ఉన్నాయి పెద్దాయన గారూ, వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. శాన్‌ఫ్రాన్సిస్కోలో లస్టీ లేడీ క్లబ్బుది తొలి వాటిలో ఒకటి. అక్కడ గంటకి జీతం ఉండేది. గొడవ మొదలైంది రెండు విషయాల మీద. ఒకవైపు నుంచే కనబడే అద్దాల వెనకనుంచి కస్టమర్లు దొంగచాటుగా వీడియోలు తీయడం ఒకటి, షిఫ్టుల పంపకం ఇంకొకటి. నల్లజాతి డాన్సర్లకి తక్కువ షిఫ్టులు, ఎక్కువ డబ్బొచ్చే చోట వంతు రాకపోవడం. వెన్నెల గారిని తలుపు దగ్గర ఆపిన మాట చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. 1996లో సంఘానికి ఓటేసి, 1997లో మొదటి ఒప్పందం రాయించుకున్నారు. 2003లో ఆ క్లబ్బుని డాన్సర్లే కొని సహకార సంఘంగా నడిపారు. 2013లో మూతపడింది.

తర్వాత చాలాకాలం ఏమీ లేదు. 2022 మార్చిలో లాస్ ఏంజిలస్ నార్త్ హాలీవుడ్‌లో స్టార్ గార్డెన్ డాన్సర్లు భద్రత గురించి అడిగితే లోపలికి రానివ్వలేదు. నెలల తరబడి బయట ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. 2023 మేలో 17 ఓట్లకి 17 పడి, రంగస్థల నటుల సంఘం యాక్టర్స్ ఈక్విటీలో చేరారు. అదే ఏడాది పోర్ట్‌లండ్‌లో మేజిక్ టావర్న్ డాన్సర్లూ అదే సంఘానికి ఓటేశారు. లెక్కలక్క గారూ, మీ నది అవతలే.

ఇంకో సంగతి. పాత కూలి రాబట్టుకోవడానికి ఫెడరల్ చట్టంలో రెండేళ్ళే గడువు. తెలిసి చేసిన తప్పని రుజువైతే మూడేళ్ళు. రోజులు గడిచేకొద్దీ వెనకవైపు నుంచి హక్కు కరిగిపోతుంటుంది. చాలా ఒప్పందాల్లో కోర్టుకి వెళ్ళకుండా మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు కూడా ఉంటుంది. ఆమె ఏం సంతకం పెట్టిందో ఆ కాగితం ముందు తెచ్చుకోమనండి.

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 9:30

మన దేశంలో ముంబయి డాన్స్ బార్ల కేసు ఇంకో రకంగా నడిచిందండి. 2005లో మహారాష్ట్ర మూసేసింది, 2013లో సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదంది. మళ్ళీ 2016లో కొత్త చట్టం, దాని మీద 2019 జనవరిలో ఇంకో తీర్పు. సాయంత్రం 6 నుంచి రాత్రి 11:30 వరకే అన్న వేళల్ని కోర్టు ఉంచింది. టిప్పు ఇవ్వచ్చు, నోట్లు వెదజల్లకూడదు అంది. పద్నాలుగేళ్ళు కోర్టులో నలిగినా, ఆ టిప్పులో బారు వాటా ఎంత అన్న ప్రశ్న నాకు తెలిసి జనంలో పెద్దగా చర్చకి రాలేదు. ఉండాలా వద్దా అన్న దగ్గరే మనం ఆగిపోయాం.

లెక్కలక్క | బుధవారం, రాత్రి 10:18

మూడు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను. ఆమె ఇవాళ వచ్చింది. మీరు రాసినవన్నీ ఆమెకి ఇంగ్లీషులో చెప్పాను. పూసలదండ గారి తాళంచెవి మాట రెండుసార్లు చెప్పించుకుంది. వెన్నెల మాట చెబుతున్నప్పుడు తల దించుకుని వింది.

ఆమెకి రెండు దారులు చూపించాను. ఒకటి, అందరూ చేసేది: షెడ్యూల్ సి. హౌస్ ఫీ, టిప్ అవుట్, బట్టలు, అన్నీ ఖర్చుల కింద రాయడం. ఆ నోట్‌బుక్ రోజురోజుకీ రాసింది కాబట్టి నిలబడుతుంది. రెండు, ఎస్ఎస్-8 ఫారంతో నేను ఉద్యోగినా కాదా తేల్చమని ఐఆర్ఎస్‌ని, అంటే ఫెడరల్ పన్నుల శాఖని అడగడం, దాంతో 8919 ఫారంలో కోడ్ జి వేసి సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) పన్నుల్లో ఉద్యోగి వాటా మాత్రమే కట్టడం. కూలి చట్టం కింద కూడా ఉద్యోగి అని తేలితే ఆ చట్టమూ ఆమె వైపు మాట్లాడుతుంది. పోర్ట్‌లండ్‌లో 2025 జులైలో కనీస కూలి గంటకి 16.30 చేశారు, ఒరెగన్‌లో టిప్పుల్ని అందులో కలుపుకోవడానికి లేదు. ఆ లెక్కన ఆ మంగళవారం ఆరు గంటలకి 97.80, టిప్పులు దానిపైన.

ఎస్ఎస్-8 వేస్తే క్లబ్బుకి ఆమె పేరు తెలుస్తుంది. అది దాచలేదు, ముందే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "నాకు శుక్రవారాలు పోతాయి" అంది. అద్దె శుక్రవారం మీద ఉంది. ప్రతీకారం తీర్చుకోవడం చట్టవిరుద్ధమని చదువరి గారి లాంటివాళ్ళు చెప్పగలరు, కానీ వచ్చే నెల ఒకటో తారీఖున అద్దె కట్టేది ఆమె. నేను బలవంతం చేయలేదు.

ఈ ఏడాదికి షెడ్యూల్ సి వేశాం. ఒప్పందం కాగితం తెచ్చుకుంటానంది. మేజిక్ టావర్న్ సంఘం వాళ్ళతో ఒకసారి మాట్లాడతానని ఆమే అంది, నేను అడగకముందే. నోట్‌బుక్ మొత్తం స్కాన్ చేసి రెండు చోట్ల దాచాను.

వెళ్ళేముందు కొత్త పేజీలకి గళ్ళు గీసి ప్రింటు తీసివ్వమంది. తేదీ, ఏ వేళకి రమ్మన్నారు, ఏ వేళకి వెళ్ళనిచ్చారు, ఎంతమంది డాన్సర్లు ఉన్నారు, హౌస్ ఫీ, టిప్ అవుట్ ఎవరికెంత, జరిమానా దేనికి, ఎవరు వేశారు. నేను అవి గీశాను. ఆమె పెన్ను తీసుకుని చివర ఇంకో గడి తనే చేర్చింది: తలుపు దగ్గర్నుంచి వెనక్కి పంపిన రోజులు.